తెరిచిన పుస్తకమట!

ఈ మధ్య మన కళాశాలలో ఒక మాట విరివిగా వినబడుతున్నది. మొన్నటి వీడ్కోలు సభలో మాట్లాడిన వారిలో సగం మంది "నా లైఫ్ ఓపెన్ బుక్" అన్నారు. మిగిలిన సగం మంది "వాడు ఓపెన్ బుక్ రా" అని పక్కవాణ్ణి పొగిడారు. ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో అదే మాట, ఎన్నికల ఉపన్యాసాల్లో అదే మాట. పత్రిక తెరిస్తే ఆరోపణ వచ్చిన ప్రతి నాయకుడూ మరునాడు విలేకరులను పిలిచి "నా జీవితం తెరిచిన పుస్తకం" అంటాడు. ఆ పుస్తకంలో ఎన్నో పేజీ చూడాలో మాత్రం చెప్పడు.

నేను సైన్సు విద్యార్థిని, అందునా రైతు బిడ్డను. ఏ మాటనైనా ఒకసారి పరీక్షనాళికలో పోసి రంగు మారుతుందేమో చూడాలనే బుద్ధి కళాశాల నేర్పింది. తూకం వేయకుండా ఏదీ తీసుకోవద్దనే బుద్ధి ఇంట్లో నేర్పారు. ఈ రెండు బుద్ధులతో ఈ జాతీయాన్ని కాస్త పరిశీలించాలని నా కోరిక. సాహిత్య విద్యార్థులు, తెలుగు లెక్చరర్లు నా చొరవను మన్నించాలి.

ఆంగ్లంలో ఈ మాటకు రెండు వాడుకలున్నాయి. ముఖం చూడగానే మనసులో ఉన్నది తెలిసిపోయే మనిషిని తెరిచిన పుస్తకం అనడం ఒకటి. నా దగ్గర దాపరికమేమీ లేదు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చునని తన గురించి తాను చెప్పుకోవడం రెండవది. మొదటిది లోకం మనకిచ్చే సర్టిఫికెట్, రెండవది మనకు మనమే వ్రాసుకొనేది. మన దేశంలో రెండవదానికే గిరాకీ ఎక్కువ.

అయితే ఇందులో నాకు నచ్చిన విశేషమొకటుంది. తెరిచిన పుస్తకానికి ఎదురుమాట "మూసిన పుస్తకం". ఆంగ్లేయులు దీన్ని ఎక్కువగా రహస్యాన్ని గురించి వాడరు, తలకెక్కని విషయాన్ని గురించి వాడతారు. మా గదిలోని మిత్రునికి ఆర్గానిక్ కెమిస్ట్రీ మూసిన పుస్తకం. పుస్తకం వాడి బల్లమీద రేయింబవళ్లు తెరిచే ఉంటుంది, అది వేరే సంగతి. అంటే పుట్టినచోటనే ఈ జాతీయానికి ఒక షరతు ఉన్నదన్నమాట. అట్ట తీసినంత మాత్రాన పుస్తకం తెరిచినట్టు కాదు. ఎదుటివాడు చదవగలగాలి. ఓపెన్ బుక్ పరీక్ష రాసినవారిని అడగండి, చెబుతారు.

షేక్స్పియర్ "మాక్బెత్" నాటకంలో భర్త ముఖాన్ని పుస్తకంతో పోలుస్తుంది భార్య. అది మెచ్చుకోలు కాదు. ఇంటికొచ్చిన రాజును చంపాలని తలచిన మనిషి, ఆ తలంపును ముఖం మీద ఎవరైనా చదివేస్తారేమోనని ఆమె భయం. అంటే నాలుగు వందల ఏళ్ల క్రితమే ఈ పోలికను దాచుకోవలసినవాళ్లు తలుచుకొన్నారు. మన నాయకుల ముఖాలు ఆ విషయంలో బాగా తయారైనవి.

మరి మన తెలుగులో ఈ భావానికి మాటలు లేవా? కావలసినన్ని ఉన్నాయి. మనసు విప్పి చెప్పడం, కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడటం, ముక్కుసూటిగా పోవడం, అరచేతిలో ఉసిరికాయలా కనబడటం. "ఆయన కడుపుల ఏం దాసుకోడు" అంటారు మా దిక్కు. మనసు, కడుపు, ముక్కు, అరచేయి, కుండ, ఉసిరికాయ. ఇన్నింటిలో పుస్తకం ఎక్కడా లేదు! ఇది యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. మా కథలాపూర్ ప్రాంతంలో తాతల కాలాన పుస్తకం అంటే నిష్కపటం గుర్తుకు రాలేదు, భయం గుర్తుకొచ్చింది. పుస్తకం సావుకారి దగ్గర ఉండేది, పట్వారి దగ్గర ఉండేది. అందులో మన పేరుంటే బాకీ ఉన్నట్టు, లేకపోతే భూమి లేనట్టు. ఉన్నా తంటాయే, లేకున్నా తంటాయే.

మా ఇంట్లో ఒక సందుగు ఉంది. అందులో ముత్తాతల నాటి కాగితాలు కొన్ని తాత బట్టలో చుట్టి దాచాడు. అవన్నీ ఉర్దూలో ఉన్నాయి. నిజాం కాలంలో రాజ్యం నడిచిన భాష అది. తాతకు పహాణీ, పట్టా, నకలు, జమాబందీ, సేత్వార్ అన్న మాటలు నోటికి బాగా తెలుసు. ఒక్క అక్షరం చదవడం మాత్రం తెలియదు. 1954-55లో జరిగిన ఖాస్రా పహాణీ గురించి ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ నిన్నటి సంగతిలా మాట్లాడుతారు. "ఖాస్రాల ఎవలి పేరుంటె గాల్లదే భూమి" అని. ఆ ఖాస్రాను కళ్లతో చూసినవాళ్లు వాళ్లలో ఎందరున్నారో! 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, కచేరీ కాగితం మెల్లగా తెలుగులోకి మారింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థనే ఎత్తివేశారు. అయినా పుస్తకం రైతు చేతికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైనప్పుడు ఇక రికార్డంతా బహిరంగమే అనుకొన్నాం. సెల్‌ఫోనులో సర్వే నెంబరు కొడితే చాలు, పాసుపుస్తకం వివరం కళ్ల ముందుంటుందన్నారు. నిజమే, మా బాపు పేరు మీదున్న ఎకరం పది గుంటలు నేను హాస్టల్లో కూర్చొని చూశాను. కాని అదే ధరణిలో, కోరుకొన్నవారు తమ భూమి వివరాలు ఇతరులకు కనబడకుండా దాచుకొనే ఏర్పాటు కూడా ఉండేది. పది గుంటలవాడికి దాచుకోవలసిన అవసరం ఏముంటుంది? ఆ సదుపాయం ఎవరికి పనికొచ్చిందో ఊహించడానికి డిగ్రీ అక్కరలేదు.

మరొక సంగతి. ధరణిలో అనుభవదారు కాలమే లేదు. పాత పహాణీలో భూమి ఎవరిదో ఒకచోట, దున్నుతున్నది ఎవరో మరొకచోట వ్రాసేవారు. ఆ రెండవ గడి పోయేసరికి కౌలు రైతు పుస్తకంలో నుంచే పోయాడు. ఎండలో పొలంలో నిలబడి ఊరందరికీ కనబడే మనిషి రికార్డులో కనబడడు. పుస్తకం ఎంత తెరిచిపెట్టినా, నీ పేరు వ్రాసే పేజీయే చింపేస్తే ఏం చదువుకొంటావు?

సాదా బైనామా గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే ఇది మా ఇంటి బాధ. తెల్లకాగితం మీద వ్రాసుకొని, నలుగురు పెద్దమనుషుల చేత సంతకాలు, వేలిముద్రలు పెట్టించుకొని భూమి కొనడం మా జిల్లాల్లో ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేనివాళ్లు, మాట మీద నమ్మకం ఉన్నవాళ్లు అట్లా కొన్నారు. మా తాత ఇరవై గుంటలు అట్లాగే కొన్నాడు. ఆ ఇరవై గుంటలు మావని అమ్మినవారికి తెలుసు, పక్క పొలంవారికి తెలుసు, ఊరికంతటికీ తెలుసు. పుస్తకానికి మాత్రం తెలియదు! 2014 జూన్ 2కు ముందరి సాదా బైనామాలను క్రమబద్ధం చేస్తామని 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో దరఖాస్తులు పిలిస్తే లక్షల్లో వచ్చిపడ్డాయి. హైకోర్టులో వ్యాజ్యం పడి ఏళ్ల తరబడి ఆగిపోయాయి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అందులో వీటికి దారి చూపారు, మంచిదే. తాత ఇప్పుడు ఫోను చేసినప్పుడల్లా అడిగే మొదటి ప్రశ్న నా చదువు గురించి కాదు. "బుక్కుల ఎక్కిందారా?" అని.

ఇక వడ్ల సంగతి. పట్నం నుంచి వచ్చిన మిత్రుల కోసం కాస్త వివరిస్తాను. కోతలయ్యాక వడ్లను కొనుగోలు సెంటరులో కుప్ప పోస్తాం. తేమ పదిహేడు శాతానికి దిగేదాకా ఆరబెడతాం. తరువాత బస్తాకు నలభై కిలోల లెక్కన కాంటా. ఇంతవరకు కాగితం మీది రూలు. వాస్తవంలో తాలు అనో, తరుగు అనో బస్తాకు రెండు కిలోలు ఎక్కువ తూయడం ఉంటుంది. అది చాలక లారీ మిల్లుకు పోయాక "మీ లోడులో ఇన్ని బస్తాలు కోత" అని కబురొస్తుంది. 2025 యాసంగిలో మావి 212 బస్తాలయ్యాయి. బస్తాకు రెండు కిలోలంటే 424 కిలోలు. ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయల చొప్పున తొమ్మిది వేల ఎనిమిది వందల పైచిలుకు. నా ఏడాది పుస్తకాలు, బస్సు పాసు, మెస్సు బకాయి అందులో వెళ్లిపోతాయి. మిల్లు కోత దీనికి అదనం.

బాపు సెంటరుకు పోయి "మనయి ఎన్ని సంచులు కోసిన్రు, ఎందుకు కోసిన్రు?" అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. అక్కడి పిల్లవాడు, నాకంటే రెండేళ్లు పెద్దవాడేమో, పెద్ద రిజిస్టరు మా వైపు తిప్పి, "అంతా ఓపెన్ బుక్కే గదనే పటేలా, సూస్కో" అన్నాడు. చూశాం. ట్రక్ షీటు నెంబరుంది, లారీ నెంబరుంది, మొత్తం బస్తాలున్నాయి. ఆ లారీలో పోయిన ఏడుగురు రైతులలో ఎవరి బస్తాలు ఎన్ని కోశారో, ఎవరు నిర్ణయించారో, ఏ పరీక్ష చేసి నిర్ణయించారో లేదు. బాపు రిజిస్టరు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి ఒకసారి జరిపి, "మంచిది బిడ్డా" అని లేచాడు. ఆ సెంటరు పేరు, మిల్లు పేరు ఇక్కడ అనవసరం. ఇది ఒక్కచోట జరిగే పని కాదు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. పశువుల సంతలో బేరం ఎట్లా జరుగుతుందో మీలో కొందరైనా చూసి ఉంటారు. అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకొంటారు. లోపల వేళ్లు పట్టుకొని ధర చెప్పుకొంటారు. చుట్టూ నిలబడిన పదిమందికి ఒక్క రూపాయి సంగతి తెలియదు. చూడటానికి అంతా చీకటి వ్యవహారం. కాని ఎద్దు ఎవరిదో, డబ్బు ఎవరిదో ఆ ఇద్దరికీ ధర అణా పైసలతో సహా తెలుసు. సెంటరులో దీనికి తలకిందులు. పట్టపగలు, అందరి ముందు, రిజిస్టరు తెరిచి పెట్టి జరిగే బేరంలో వడ్లు పండించినవాడికే లెక్క తెలియదు. ఇందులో ఏది దాపరికం? నాకైతే తువ్వాలే నయమనిపిస్తుంది.

గల్ఫు పోయే మా అన్నదమ్ముల అగ్రిమెంటు కాగితాలూ ఇంతే. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపట్ల ఊళ్లలో ఇంటికొకరు దుబాయి, మస్కట్, సౌదీ పోయినవారే. ఆంగ్లంలో, అరబ్బీలో ఉన్న కాగితం ముందర పెట్టి సంతకం చేయమంటారు. ఎవరూ దాచలేదు కదా, చేతికే ఇచ్చారు కదా!

కాబట్టి నేను చెప్పదలచుకొన్నది ఇది. లెక్క చెప్పవలసినవాడు "నా జీవితం తెరిచిన పుస్తకం" అన్నప్పుడు, మనం అడిగినదానికి కాక వేరేదానికి జవాబిస్తున్నాడని గుర్తించాలి. అడిగింది జీవితం కాదు, ఖాతా. జీవితాన్ని ఎవరు తనిఖీ చేయగలరు? ఖాతా అయితే పంక్తి పంక్తికి వేలు పెట్టి అడగవచ్చు. అందుకే పెద్దవారు ఖాతాకు బదులు జీవితాన్ని ఇవ్వజూపుతారు. చిన్నవారి విషయంలో దీనికి విరుద్ధం. బీదవాడి ఆధార్, అప్పు, జబ్బు, కూతురి పెళ్లి ఖర్చు అన్నీ నలుగురి ముందు పెట్టనిదే ఏ కాగితం మీదా సంతకం పడదు.

లెక్కను నిజంగా తెరిచినవాళ్లు లేకపోలేదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్లో జనసున్వాయి పెట్టారు. కూలీల పేర్లు, పనిదినాలు, ఇచ్చినట్టు చూపిన డబ్బు ఊరందరి ముందు బిగ్గరగా చదివారు. "మా డబ్బు, మా లెక్క" అన్నది వారి నినాదం. ఆ ఉద్యమాల వల్లనే సమాచార హక్కు చట్టం వచ్చి 2005 అక్టోబరు 12 నుంచి అమలైంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ చేశారు. మస్టరు రోల్ గ్రామసభలో చదివి వినిపించడం, మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల సమక్షంలో తేల్చడం అప్పుడే మొదలయింది. అక్షరం రానివాళ్ల ముందు పుస్తకం తెరవడానికి ఉన్న ఒకే మార్గం పైకి చదవడం. చదువుతుంటే వెనుక నుంచి ఏ ముసలమ్మో లేచి "నేను గా దినం పనికే పోలే, నా పేరెట్లొచ్చె?" అంటుంది. ఆ ఒక్క ప్రశ్నకు వంద ఆడిట్లు సాటిరావు.

సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో ఊరి స్థాయి కార్యాలయంలో రుసుము లేదు. మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. విద్యార్థులలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. సినిమా టికెట్టు ధర అందరికీ తెలుసు. మా వడ్ల ట్రక్ షీటు నకలు కోసం బాపు పేరు మీద పది రూపాయలు పెట్టి దరఖాస్తు వేశాం. ఈ వ్యాసం ఇచ్చే నాటికి ఇరవై రెండు రోజులైంది.

అంతా తెరవమంటున్నావు, నీ గుట్టు కూడా తెరువు మరి అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు, గుట్టు వేరు, లెక్క వేరు. ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దలు ఊరకే అనలేదు. మన తరగతిలోని ఒక అమ్మాయి ఎవరితో మాట్లాడుతుందో, ఎవరికి ఉత్తరం రాస్తుందో చెప్పవలసిన బాధ్యత ఆమెకు లేదు. "నువ్వు ఓపెన్‌గా ఉండవు" అని ఆమెను ఆక్షేపించేవాళ్లు తమ స్కాలర్‌షిప్ డబ్బు ఏమైందో ఇంట్లో చెప్పరు. గాంధీగారు 1925 నుంచి 1929 వరకు "నవజీవన్" పత్రికలో చిన్ననాటి దొంగతనంతో సహా తన కథ వ్రాసుకొన్నారు. అది ఆయన ఇష్టం, ఆయన ధైర్యం. మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగర వాస్తవ్యుడు పి.వి. నరసింహారావు గారు 1998లో తన అనుభవాలను వేరే పేర్లతో, లేని రాష్ట్రంలో జరిగినట్టు నవలగా వ్రాశారు. తెలుగులో దాని పేరే "లోపలి మనిషి". ఎవరి లోపలి మనిషి వారి సొత్తు. ఆయనను అడగవలసినవి ఆయన చేసిన ప్రభుత్వపు పనుల మీద ప్రశ్నలు.

మా శాస్త్రంలో దీనికి చక్కని మనిషి ఉన్నాడు, యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి అమెరికా పోయి, 1948లో కన్నుమూసేవరకు తన గురించి తాను చెప్పుకోవడమంటే ఇష్టపడని మనిషి. స్వవిషయంలో మూసిన పుస్తకమే. కాని 1925లో ఫిస్క్‌తో కలిసి ప్రకటించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి చూడండి. ఏ రసాయనం ఎంత, ఎప్పుడు కలపాలి, రంగు ఎట్లా చూడాలి, అంతా ఉంది. ఎక్కడో ఒక కుర్రవాడు అదే పద్ధతిలో చేసి, సుబ్బారావు లెక్క తప్పయితే తప్పని చెప్పగలడు. శాస్త్రం ఆయన మనసు విప్పమని అడగలేదు, కొలత విప్పమన్నది. మా ప్రయోగశాలలో కూడా చూడండి. అట్ట వేసిన రికార్డు ముచ్చటగా ఉంటుంది. కొట్టివేతలు, ఆసిడ్ మరకలు ఉన్న అబ్జర్వేషన్ నోటులోనే అసలు రీడింగు దొరుకుతుంది. సార్లు సంతకానికి మొదట అది అడిగేది అందుకే.

చివరగా మన యూనియన్ వారికి, సంపాదకవర్గానికి ఒక మనవి. ఈ సంచిక కోసం ప్రతి విద్యార్థి ఫీజుతో పాటు కొంత సొమ్ము కట్టాడు. పట్టణంలోని దుకాణాల నుంచి ప్రకటనలూ వచ్చాయి. అవి తెచ్చినవారిలో నేనూ ఉన్నాను, రెండు ఎరువుల దుకాణాలు, ఒక బట్టల దుకాణం. మొత్తం ఎంత వచ్చింది, కాగితానికెంత, అచ్చుకెంత, బైండింగుకెంత, మిగిలితే ఎవరి దగ్గరుంది? ఈ నాలుగు పంక్తులు ఇందులోనే అచ్చు వేయాలని కోరుతున్నాను. అధ్యక్షుడు నాకు మంచి మిత్రుడు, ఆయన మీద నాకు ఏ అనుమానమూ లేదు. అనుమానం ఉంటేనే లెక్క అడగాలనే అలవాటు మంచిది కాదు. వెనుక అట్ట లోపలి వైపుకు ఈసారి ప్రకటన దొరకలేదని విన్నాను. ఆ స్థలం చాలు. తెలుగులో వేయండి, అక్షరాలు మరీ చిన్నవి కాకుండా.